కూల్చేసిన మేడ ఆచూకీ పట్టడం ఎలా

విజయవాడలో 38 ఏళ్లు దస్తావేజులు రాశాను. ఇప్పుడు ఖాళీయే. అందుకని ఎవరో ఒకరు పాత ఫొటో పట్టుకొచ్చి "వన్‌టౌన్‌లో మా తాతగారి మేడ ఎక్కడుండేదండీ?" అని అడుగుతుంటారు. ముందు మేడని కాదు, దాని వెనకాల కొండని చూడమంటాను.

గాంధీకొండ మీద 52 అడుగుల స్తూపం 1968లో వెలిసింది. ఫొటోలో ఆ కొండ నెత్తి బోడిగా ఉంటే అది అంతకు ముందుదే. ఇంద్రకీలాద్రి కనిపిస్తే ఇంకా మంచిది. ఫొటోని ఫోన్లో పెట్టుకుని వీధిలో నడవండి, కొండ వాలు ఫొటోలో ఉన్నట్టే కుదిరేదాకా. పొద్దున ఆరింటికే వెళ్లండి. పదయ్యాక మెయిన్ బజార్లో నడిరోడ్డు మీద నిలబడితే తోపుడుబళ్ల వాళ్లు ఊరుకోరు.

వీధి దొరికాక పెద్దవాళ్లని పలకరించాలి. "ఇక్కడ ఏముండేది?" అంటే "పెద్ద మేడ ఉండేదిలే బాబూ" అని తేల్చేస్తారు. "చిన్నప్పుడు మారుతీ టాకీస్‌కి ఏ సందులోంచి వెళ్లేవారు?" అనండి. (1921లో పోతిన శ్రీనివాసరావు గారు కట్టించిన హాలు అది. ఆంధ్రలో మొదటిదని బెజవాడ వాళ్లం గొప్పగా చెప్పుకుంటాం.) సందు గుర్తొస్తే మలుపులో అరుగు గుర్తొస్తుంది, అరుగు గుర్తొస్తే ఆ ఇంటివాళ్ల ఇంటిపేరు వస్తుంది. మనకి కావలసింది ఆ ఇంటిపేరే.

ఇక రిజిస్ట్రారాఫీసు. కూలిపోయిన ఇంటి కాగితాలు దొరక్కపోవచ్చు గానీ, పక్కింటి దస్తావేజులో అది హద్దుగా ఉండి తీరుతుంది. "ఉత్తరం: ఫలానా వారి మేడ" అని. ఆన్‌లైన్ ఈసీలో (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) 1983 నుంచే వస్తాయి, అంతకు ముందువి కావాలంటే ఆఫీసులో దరఖాస్తు పెట్టి వెతికించుకోవాలి. "మీకేం సంబంధం?" అని గుమస్తా అడగొచ్చు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి దస్తావేజులుండే ఒకటో పుస్తకాన్ని ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు. ఆ మాట మెల్లిగా చెప్పండి, గొడవ పెట్టుకోకండి. వీలునామాలుండే మూడో పుస్తకం మాత్రం అలా చూపించరు. పాత కాగితాల్లో డోర్ నంబరు కన్నా టి.ఎస్. నంబరుని, అంటే టౌన్ సర్వే నంబరుని, నమ్ముకోండి.

ఒక్క హద్దు చూసి మాత్రం తేల్చేయకండి. నేను ఆ తప్పు చేశాను. ఒక రిటైర్డ్ టీచరమ్మకి "ఇదేనమ్మా మీ మేడ స్థలం" అని ఖాళీ జాగా చూపించేశాను. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుని రుమాల్లో గుప్పెడు మట్టి కట్టుకెళ్లింది. నెలరోజుల తర్వాత ఇంకో దస్తావేజు చూస్తే తెలిసింది, నేను చదివిన హద్దులో పేరు ఇంటి సొంతదారుది కాదు, అందులో అద్దెకున్న షావుకారుది. ఆ వీధిలో అందరూ ఆయన పేరుతోనే ఆ ఇంటిని పిలిచేవారట. అందుకే మనం వెతికే మేడకి ఉత్తరాన ఉన్నవాళ్ల కాగితం కూడా తీయించి, దాని దక్షిణపు హద్దులో ఆ మేడే ఉందో లేదో సరిచూసుకోవాలి.

అసలు స్థలం అక్కడికి మూడిళ్ల అవతల దొరికింది. కాగితాల కన్నా గట్టి సాక్ష్యం పక్కింటి ఉమ్మడి గోడే. మనిషి ఎత్తుకి పైన వరసగా దూలాలు దూర్చిన గూళ్లు, కింద దీపం పెట్టే గూడు, దాని పైన ఇంకా పోని మసి. అక్కడక్కడా నీలిమందు కలిపిన సున్నం. గోటితో గీరితే పొడి రాలింది.

టీచరమ్మకి ఫోన్ చేసి అంతా చెప్పాను. కాసేపు పలకలేదు. తర్వాత "మరి ఈ మట్టిని ఏం చేయనండీ, తులసికోటలో వేసేశానే?" అంది.