సంక్రాంతి గొబ్బెమ్మలకు మన కుండీ బంతిపూలే పెట్టాలంటే

అక్టోబర్ మొదట్లోనే ఒక కాగితం తీసుకుని కూర్చోండి. ఏ కుండీలో ఏం వేయాలో రాసుకునే ముందు మేడ మీద ఎండ ఎక్కడ ఎంతసేపు పడుతుందో ఒకరోజంతా గమనించండి, ఎందుకంటే చలికాలంలో సూర్యుడు దక్షిణానికి జరిగి, వేసవిలో బాగా ఎండ తగిలిన మూల కూడా పిట్టగోడ నీడలోకి వెళ్లిపోతుంది.

పండక్కి బంతి కావాలంటే అక్టోబర్ నెల మధ్యకల్లా విత్తనాలు చల్లేయాలి. నారు నాలుగైదు ఆకులు వేశాక కుండీల్లోకి మార్చి, మరికొన్నాళ్లకు తల తుంచండి. తుంచడానికి చెయ్యి రాదు, నాకు తెలుసు, కానీ తుంచితేనే పక్కకొమ్మలు వచ్చి మొక్క గుబురుగా పూస్తుంది. చామంతికి మాత్రం ఇప్పుడు విత్తనాలతో పని లేదు, నర్సరీలో మొగ్గ మీదున్న మొక్క కొనుక్కోండి.

కూరల్లో మొదటిసారి వేసేవాళ్లకు నేను ముల్లంగే చెప్తాను, నలభై ఐదు రోజుల్లో చేతికొస్తుంది. ముల్లంగి, క్యారెట్ నారు పోసి నాటేవి కావు, అడుగు లోతు కుండీలో నేరుగా విత్తాలి. ధనియాలు రెండు బద్దలయ్యేలా నలిపి చల్లండి. మెంతులు, పాలకూర పదిహేను రోజుల తేడాతో కొంచెం కొంచెంగా వేస్తే సంక్రాంతి దాటినా ఆకుకూర కొనక్కర్లేదు.

చలిలో మట్టి త్వరగా ఆరదు, వేలు పెట్టి చూసి పొడిగా ఉంటేనే, అదీ పొద్దున్నే నీళ్లు పోయండి. పేనుబంక (ఆకుల రసం పీల్చే సన్నటి పురుగులు) కనిపిస్తే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని సబ్బునీటి చుక్కలు కలిపి సాయంత్రం ఆకుల అడుగున కొట్టండి.