కాకతీయుల పేరుతో వినిపించే రాజకీయ వాదాన్ని పరిశీలించే పద్ధతి

ఏ నాయకుడైనా వేదికపై కాకతీయుల పేరెత్తినప్పుడు, ముందుగా ఆ మాటను రెండుగా విడదీసి రాసుకోండి: గతం గురించి ఆయన చెబుతున్నదేమిటి, దాని ఆధారంగా ఇప్పుడు కోరుతున్నదేమిటి. మొదటిది నిజమైనంత మాత్రాన రెండోది న్యాయమైపోదు.

గతానికి సంబంధించిన మాటను ఆ తరువాత శాసనాల దగ్గరికి తీసుకువెళ్లాలి. 2015లో తెలంగాణ ప్రభుత్వం చెరువుల పునరుద్ధరణకు మిషన్ కాకతీయ అని పేరు పెట్టింది. పేరు తగినదే; కానీ అవన్నీ రాజులే తవ్వించారనే ముందు రామప్ప చెరువు సేనాని రేచర్ల రుద్రునిదనీ, పాఖాల చెరువు జగదళ ముమ్మడిదనీ, బయ్యారం చెరువు గణపతిదేవుని సోదరి మైలాంబదనీ గమనించాలి. సామంతులు, అధికారులు, స్త్రీలు చేసిన పనినంతా ఒక్క సింహాసనానికి కట్టబెడితే, ఆ సింహాసనానికి వారసుడినని చెప్పుకోవడం నేటి పాలకుడికి సులువవుతుంది. వారి పేర్లు ఇలా మరుగున పడటమే నన్ను అన్నిటికన్నా బాధిస్తుంది.

నేటి సరిహద్దులను పక్కన పెట్టి పటం కూడా చూడండి. ఓడ మునిగి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును పూర్వపు రాజుల్లా లాక్కోబోమనీ, నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటామనీ 1244 నాటి శాసనంలో గణపతిదేవుడు వర్తకులకు అభయమిచ్చిన మోటుపల్లి రేవు ఇప్పటి ఆంధ్రప్రదేశ్ తీరంలో ఉంది. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో ఆంధ్రోద్యమం ఈ వంశాన్ని తెలుగువారందరి ఐక్యతకు గుర్తుగా చూపగా, 2014లో తెలంగాణ తన అధికార చిహ్నంలో ఓరుగల్లు తోరణాన్ని నిలుపుకొంది. 2024లో ఆ చిహ్నాన్ని మార్చాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు తోరణం కొందరికి రాచరికపు ముద్రగా, మరికొందరికి ఆత్మగౌరవంగా కనిపించింది. ఓరుగల్లు కోటలోని నాలుగు తోరణాలూ స్వయంభూ శివాలయానికి నాలుగు దిక్కులా నిలిపినవన్న సంగతి మాత్రం ఆ వాదంలో పెద్దగా వినిపించలేదు.

కుల వారసత్వపు వాదాలపై ఎక్కువ సమయం వెచ్చించనక్కరలేదు. కొన్ని శాసనాలు కాకతీయులను నాలుగో వర్ణంవారన్నాయి, మరికొన్ని సూర్యవంశానికి ముడిపెట్టాయి.

చివరిగా, ఆధారం ఏ కాలానిదో తప్పక అడగండి. రుద్రమదేవి 1295 వరకు పాలించిందని చాలాకాలం రాస్తూ వచ్చారు. నల్లగొండ ప్రాంతపు చందుపట్లలో ఒక సేవకుడు ఆమె పుణ్యం కోసం వేయించిన శాసనం బయటపడ్డాకే, 1289 నవంబరు నాటికి ఆమె మరణించిందని తెలిసింది.