అన్నమయ్య జీవితం రాయాలనుకుంటే

ముందు నాలుగు రంగుల పెన్నులు దగ్గర పెట్టుకోండి. కీర్తనలు చెక్కిన తిరుమల రాగిరేకుల మీది వివరాలకు ఒక రంగు, కీర్తనల్లో ఉన్నదానికి ఒకటి, మనవడు తాళ్ళపాక చిన్నన్న ఆయన మీద రాసిన ద్విపద కావ్యంలో చెప్పినదానికి ఒకటి, హరికథల్లో, సినిమాలో విన్నదానికి ఇంకొకటి. నోట్సులో ప్రతి వాక్యం ఏదో ఒక రంగులో ఉండాలి. ఈ నాలుగూ కలిసిపోయాక విడదీయడం చాలా కష్టం.

తారీఖులు తొలి రేకు నుంచే తీసుకోండి. శక 1346 క్రోధి మొదలు శక 1424 దుందుభి ఫాల్గుణ బహుళ ద్వాదశి వరకు ఆయన కీర్తనలు చెప్పారని అందులో ఉంది. శకానికి 78 కలిపితే మొదటిది క్రీ.శ. 1424. రెండోదానికి 79 కలపాలి, ఎందుకంటే ఫాల్గుణం వచ్చేసరికి ఇంగ్లీషు సంవత్సరం మారిపోతుంది. అంటే 1503. పాటలు మొదలైన క్రీస్తు శకమూ 1424, ముగిసిన శాలివాహన శకమూ 1424 కావడంతో ఇక్కడ చాలామంది తడబడతారు. అంకె పక్కన ఏ శకమో రాయకుండా వదలొద్దు. పుట్టిన సంవత్సరం 1408 అన్నది పదహారో ఏట స్వామి ప్రత్యక్షమయ్యాడన్న మాటను బట్టి వేసిన లెక్క, ఆ సంగతీ చెప్పండి.

మహిమలు రాసేటప్పుడే అసలు పరీక్ష. మోకాళ్ళపర్వతం దగ్గర ఆకలితో సొమ్మసిల్లిన పిల్లవాడికి అలమేలుమంగ పెద్దముత్తైదువగా వచ్చి, చెప్పులు విడిచి కొండెక్కమని చెప్పి ప్రసాదం పెట్టిన ఘట్టాన్ని తీసుకోండి. "చిన్నన్న చెప్పిన ప్రకారం" అని మొదట ఒక్కసారి అనండి చాలు. ఆ తర్వాత నిండుగా, నమ్మకంగా చెప్పండి. ప్రతి వాక్యానికీ "అట" తగిలిస్తే కథ చచ్చిపోతుంది. నీరసంలో కలగన్నాడేమో అని చివర వివరణ ఇస్తే అది ఆ కథను నమ్మి చెప్పుకున్నవాళ్ళని కించపరచడమే.

సాళువ నరసింహరాయలు సంకెళ్ళు వేయించిన ఘట్టానికి "ఆకటివేళల" కీర్తనను సాక్ష్యంగా చూపిస్తుంటారు. అందులో "సంకెలబెట్టిన వేళ" అన్న మాట ఉన్నమాట నిజమే. కానీ అదే పాటలో ఆకలి ఉంది, అలసట ఉంది, అప్పులవాళ్ళు అడ్డగించడం కూడా ఉంది. అది కష్టాల వరస. రేకు మీద రాగం పేరు ఉంటుంది గానీ ఏ సందర్భంలో పాడారో ఉండదు. కాబట్టి పాటను కథ పక్కన పెట్టండి, రుజువుగా మాత్రం వాడకండి.

1500 మాటల వ్యాసమైతే వంశం, తాళ్ళపాక ఊరు కలిపి 200 దాటనివ్వకండి. కొండెక్కడానికి 400, సంకెళ్ళకు 400, పాటలకు 400, చివరి రోజులకు 100. సగం వ్యాసం వంశవృక్షానికే పోతే పాటల దగ్గరికి వచ్చేసరికి చోటు మిగలదు.

పిల్లవాడిగా ఉన్నంతవరకు "ఎక్కాడు", "పాడాడు" అనే రాయండి. గౌరవవాచకం తొలి సాక్షాత్కారం తర్వాత మొదలుపెట్టి, మళ్ళీ వెనక్కి పోకండి.