సిజేరియన్ తల్లి మనసెరిగి సేవ చేయడం: ప్రసూతి వార్డు నర్సులకు

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్ ద్వారానే జరిగాయి. మనకు రోజూ చేసే పనే అయినా, బల్ల మీద పడుకున్న తల్లికి అది కొత్త, భయం. గంటల తరబడి నొప్పులు పడి, చివరికి ఉన్నపళంగా థియేటర్‌కు వచ్చిన స్త్రీకి, తన వల్ల కాలేదన్న బాధ కూడా ఆ భయానికి తోడవుతుంది.

థియేటర్‌లో ఆమె తల దగ్గర నిలబడి, మీ పేరు చెప్పి, జరగబోయేది ఒక్కొక్కటిగా ముందే తెలియజేయండి. వెన్నులో మత్తు ఇంజెక్షన్ ఇచ్చాక కాళ్లు వెచ్చబడి బరువెక్కుతాయనీ, పొట్టలో లాగినట్టు, నొక్కినట్టు తెలుస్తుందనీ, వణుకు రావడం మామూలేననీ చెప్పండి. అయితే ఆమె నొప్పి అంటే మాత్రం అది భయమేనని కొట్టిపారేయకుండా, వెంటనే మత్తు డాక్టరుకు చెప్పాలి. బిడ్డను తీశాక ఏడుపు వినిపించే లోపు గడిచే నిశ్శబ్దం ఆమెకు యుగంలా అనిపిస్తుంది కనుక, ఆ క్షణాల్లో మీరు మౌనంగా ఉండకండి.

తల్లీబిడ్డల పరిస్థితి అనుకూలిస్తే బిడ్డను అక్కడే ఆమె ఛాతీపై పడుకోబెట్టి, మొదటి గంటలోనే పాలు పట్టించండి. కుట్లపై బరువు పడకుండా పక్కకు తిరిగి పడుకుని గానీ, బిడ్డను చంక కింద పట్టుకుని గానీ ఇవ్వవచ్చు. బిడ్డను ప్రత్యేక విభాగానికి తీసుకెళ్తే ఎక్కడ ఉందో, ఎవరు చూస్తున్నారో చెప్పి, ముర్రుపాలు పిండి పంపేందుకు సాయపడండి.

వార్డులో ప్యాడ్ మార్చేటప్పుడు తెర వేయడం, ముట్టుకునే ముందు అడగడం, నొప్పి మందు వేళకు ఇవ్వడం కూడా మనసుకు చేసే వైద్యమే. చూడవచ్చిన బంధువులు “నార్మల్ కాలేదా?” అని ఆరా తీస్తే, ఇదీ కాన్పేనని వారందరికీ వినపడేలా చెప్పండి.

నా దృష్టిలో అన్నింటికన్నా ముఖ్యమైనది మరునాటి సంభాషణ. ఆమె పక్కన కూర్చుని, “నిన్న జరిగినదాంట్లో మీకు ఏం గుర్తుందమ్మా?” అని అడిగి, మధ్యలో అడ్డురాకుండా వినండి. “బిడ్డ క్షేమంగా ఉంది కదా, ఇంకేం?” అన్న మాట, మంచి మనసుతో అన్నా, ఆమె నోరు మూయిస్తుంది. ఆపరేషన్ ఎందుకు అవసరమైందో కేస్‌షీటు చూసి డాక్టరు చేత చెప్పించండి. అందరూ బాధపడరు, కొందరు ఊరట పొందుతారు, వారిని అలాగే ఉండనివ్వండి.

మూడో రోజు ప్రాంతంలో వచ్చే కన్నీళ్లు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి. దిగులు రెండు వారాలు దాటినా, బిడ్డ నిద్రపోతున్నా తనకు నిద్ర పట్టకపోయినా డాక్టరుకు చూపించాలి. తనకో బిడ్డకో హాని చేయాలన్న ఆలోచన వస్తే ఒక్క గంట కూడా ఆగకూడదు, ఆమెను ఒంటరిగా వదలకూడదు. ఈ సంగతులను డిశ్చార్జి రోజున భర్తకూ, ఆమె తల్లికీ విడమరిచి చెప్పి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416 ను కాగితంపై రాసి ఇవ్వండి.