సమాధుల్లో దొరికిన చైనా జేడ్ నగను పరిశీలించే తీరు

చైనా ప్రాచీన సమాధుల నుంచి వెలికితీసిన జేడ్ అనే విలువైన రాతి నగను మ్యూజియంలో చూసేటప్పుడు, రంగు దగ్గరే ఆగిపోకుండా, అది మృతదేహం మీద ఎక్కడ దొరికిందో పక్కనున్న వివరణలో ముందుగా చదవాలి. హాన్ వంశ కాలంలో (క్రీ.పూ. 206 – క్రీ.శ. 220) జేడ్ పందిబొమ్మను మృతుని చేతిలో పెట్టేవారు. చెట్ల మీద రొద చేసే సికాడా పురుగు రూపాన్ని నాలుక మీద ఉంచేవారు. నేలలో పెరిగి, పైకొచ్చి రెక్కలు తొడిగే ఆ పురుగును పునర్జన్మకు గుర్తుగా భావించారని పండితులు చెబుతారు. అదే సికాడాకు దారం ఎక్కించే బెజ్జం ఉంటే, అది బతికున్నవారు ధరించిన నగ కావచ్చు.

ఆ తరువాత గీతలను చూడాలి. చెక్కడం అని మనం అంటున్నా, ఆ పని నిజానికి సాన పట్టడమే. పురాతన చైనా జేడ్‌లో ప్రధానమైన నెఫ్రైట్ రాయి సన్నని పోగులు పెనవేసుకున్నట్లు ఉండి ఉలికి లొంగదు కాబట్టి, దానికన్నా గట్టిదైన క్వార్ట్జ్ ఇసుకను నీటితో కలిపి, తాడుతోనో గొట్టపు బరమాతోనో రోజుల తరబడి అరగదీసేవారు. బెజ్జాన్ని రెండు వైపుల నుంచి తొలిస్తే, మధ్యలో అవి కలిసిన చోట చిన్న మెట్టు మిగులుతుంది, వెతకవలసినది దాన్నే. లోహపు పనిముట్లు లేని, సుమారు అయిదు వేల ఏళ్ల నాటి తూర్పు చైనా లియాంగ్‌జు ప్రజలు, తమ శ్మశానమైన ఫాన్‌షాన్‌లోని 12వ సమాధిలో దొరికిన సుమారు 6.5 కిలోల ‘త్సొంగ్’ (బయట చతురస్రంగా, లోపల గుండ్రటి రంధ్రంతో ఉండే జేడ్ వస్తువు) మీద, సుమారు మూడు సెంటీమీటర్ల ఎత్తున్న దేవతా ముఖాన్ని వెంట్రుకల్లాంటి గీతలతో దించారంటే, నాకు ఇప్పటికీ నమ్మశక్యం కాదు.

తెల్లబారిన రంగును వయసుకు రుజువుగా తీసుకోకూడదు. మట్టిలో జేడ్ తెల్లబడే మాట నిజమే కానీ, నకిలీలు చేసేవారు వేడితోనూ ఆమ్లంతోనూ ఆ తెలుపును తెప్పించగలరు. జేడ్ అనే పిలిచే మరో రాయి, మిలమిలలాడే ఆకుపచ్చ జేడైట్, బర్మా నుంచి చైనాకు విరివిగా వచ్చింది 18వ శతాబ్దంలోనే కాబట్టి, అలాంటి రాయిని హాన్ సమాధి వస్తువని ఎవరైనా చూపిస్తే అనుమానించాలి.

సమాధి కాలమే నగ కాలమని కూడా అనుకోకూడదు. 1976లో చైనాలోని అన్యాంగ్‌లో బయటపడిన, మూడు వేల ఏళ్లకు పైబడిన షాంగ్ వంశపు ఫూ హావో రాణి సమాధిలోని 755 జేడ్ వస్తువుల్లో, ఆమెకు ఎంతో ముందుకాలానివని పండితులు గుర్తించినవీ ఉన్నాయి.