లూపస్ ఉన్నవారు గర్భం దాల్చేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలు

లూపస్ (రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరంపైనే దాడి చేసే వ్యాధి) ఉన్న స్త్రీ, ఆ వ్యాధి కనీసం 6 నెలలు అదుపులో ఉన్న తరువాతే గర్భానికి ప్రయత్నించడం క్షేమం. మైకోఫెనోలేట్ (రోగనిరోధక శక్తిని అణచే మందు) వాడుతున్నవారు కనీసం 6 వారాల ముందే, రుమటాలజిస్టు (లూపస్, కీళ్ల వ్యాధుల నిపుణుడు) సలహాతో వేరే మందుకు మారాలి. లూపస్‌కు వాడే మందు హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను మాత్రం, బిడ్డకు హాని అని ఎవరు భయపెట్టినా, సొంతంగా మానకూడదు; మానితే వ్యాధి తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుంది.

యాంటీ-రో, యాంటీఫాస్ఫోలిపిడ్ అనే యాంటీబాడీల రక్త పరీక్షలు ముందే చేయించుకోవాలి. మొదటిది పాజిటివ్ అయితే సుమారు 2 శాతం మందిలో శిశువుకు హార్ట్ బ్లాక్ (గుండెను కొట్టించే సంకేతాలకు అడ్డంకి) రావచ్చు కనుక ఫీటల్ ఎకో (కడుపులోని బిడ్డ గుండె స్కానింగ్) గురించి అడగాలి. రెండవది పాజిటివ్ అయితే, రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ అవసరం కావచ్చు.

ఎక్కువమంది పొరబడేది వాపు విషయంలోనే. 20 వారాలు దాటాక కాళ్లు వాచినా, రక్తపోటు 140/90కి చేరినా, మూత్రంలో ప్రోటీన్ కనిపించినా, అది ప్రీఎక్లాంప్సియా (గర్భిణికి రక్తపోటు పెరిగి అవయవాలను దెబ్బతీసే స్థితి) కావచ్చు, కిడ్నీలలో లూపస్ తిరగబెట్టడమూ కావచ్చు. రెండింటికీ చికిత్స వేరు కాబట్టి, కాళ్ల వాపు కడుపుతో ఉన్నవారికి మామూలేనని పెద్దలు సర్దిచెప్పినా, అదే రోజు డాక్టరుకు చూపించాలి. ప్రీఎక్లాంప్సియా ముప్పు తగ్గించడానికి 12వ వారం నుంచి తక్కువ మోతాదు ఆస్పిరిన్ ఇస్తారు.

చెన్నైలో కాపురముంటున్న మన కుటుంబాలు సీమంతం కాగానే అమ్మాయిని నెల్లూరుకో చిత్తూరుకో పుట్టింటికి పంపుతాయి. ఈసారి అమ్మనే చెన్నైకి పిలిపించుకొని, చికిత్స చేస్తున్న వైద్యులు, నవజాత శిశువుల ఐసీయూ అందుబాటులో ఉన్నచోటే కాన్పు జరిగేలా చూసుకోవాలి.