పాత చేతిరంపం పిడి విరిగిందా? ముందు ఎక్కడ విరిగిందో చూడండి

పిడి విరిగిందని పాత రంపాన్ని మూలన పడేయకండి. పాతకాలపు మంచి రంపాలకు బీచ్ అనే చెట్టు చెక్కతోనో, యాపిల్ చెక్కతోనో పిడులు చేసేవారు. చేతిలో అమరేలా వంపులు తీర్చిన అలాంటి పిడి మళ్లీ దొరకడం కష్టం. విరిగిన చోటును బట్టి కారణం మారుతుంది, చేయాల్సిన పనీ మారుతుంది.

ఏ మరమ్మతుకైనా ముందు బ్లేడును విడదీయాలి. పళ్లకు మందపాటి గుడ్డ చుట్టండి. చాలా పాత రంపాల్లో ఇత్తడి నట్టు తల మీద అడ్డంగా గాడి ఉండి, నడుమ బోల్టు కొస కనిపిస్తుంది. మామూలు స్క్రూడ్రైవర్ పెడితే ఆ కొస అడ్డొస్తుంది, అది జారి మెత్తటి ఇత్తడిని గీరేస్తుంది. వెడల్పాటి పాత స్క్రూడ్రైవర్ మొనకు మధ్యలో ఆకురాయితో చిన్న గంటు పెట్టండి. అప్పుడు రెండు కొసలూ బోల్టుకు చెరోవైపు గాడిలో సరిగ్గా కూర్చుంటాయి.

సమస్య: పిడి పై కొసనో కింది కొసనో పొడుచుకొచ్చే కొమ్ము విరిగిపోయింది

కారణం: పిడిలో చెక్క నార ఒకే దిశలో సాగుతుంది, కొమ్ము మాత్రం వంపు తిరుగుతుంది. అక్కడ నార పొట్టిగా తెగిపోతుంది కాబట్టి రంపం ఒక్కసారి కింద పడినా చాలు, విరుగుతుంది.

పరిష్కారం: విరిగిన ముక్క ఉంటే అదృష్టమే. విరిగిన అంచులను ఉప్పుకాగితంతో రుద్దకండి. ఆ గరుకు అంచులే ఒకదానిలో ఒకటి ఇమిడి, అతుకు కనబడకుండా చేస్తాయి. జిగురు లేకుండా ఒకసారి అమర్చి చూసుకుని, చెక్క జిగురు పూసి, సైకిల్ ట్యూబు కోసిన పట్టీని సాగదీసి చుట్టండి. వంపు తిరిగిన పిడి మీద క్లాంప్ నిలవదు, రబ్బరు మాత్రం ఎటైనా ఒదుగుతుంది. ఒక రోజంతా కదపకండి.

ముక్క పోతే విరిగిన చోటును చదునుగా చిత్రిక పట్టి, అదే జాతి చెక్క దిమ్మ అతికించాలి. దిమ్మ నార పిడి నార దిశలోనే సాగాలి. ఇక్కడ ఏమరితే అతుకు ఎంత గట్టిగా ఉన్నా రంగు తేడా ఎప్పటికీ తెలుస్తుంది, కొమ్ము కూడా మళ్లీ విరగొచ్చు. జిగురు ఆరాక రెండో కొమ్మును పక్కన పెట్టుకుని, దాన్ని చూస్తూ రాస్పుతో (చెక్కను అరగదీసే ముతక ఆకురాయి), తర్వాత ఉప్పుకాగితంతో ఆకారం తీర్చండి.

సమస్య: చేత్తో పట్టే చోట పగులు

కారణం: పిడిలో సన్నటి భాగం అదే. చెక్కలో ఇరుక్కున్న రంపాన్ని బలవంతంగా లాగితే భారమంతా అక్కడే పడుతుంది. బొటనవేలితో నొక్కి చూడండి, వెంట్రుకలా కనబడే గీత కొంచెం నోరు తెరుస్తుంది.

పరిష్కారం: పగులును పూర్తిగా విరగ్గొట్టకండి. నొక్కి తెరిచి, జిగురు వేసి, సన్నటి దారంతో లోపలికి తోయండి. ట్యూబు బిగించగానే గీత పొడవునా జిగురు చిన్న చుక్కలుగా బయటికి రావాలి. ఎక్కడ రాలేదో అక్కడ లోపల ఖాళీ ఉన్నట్టే, విప్పి మళ్లీ పూయండి. బయటికి వచ్చింది తడిగుడ్డతో తుడిచేయండి. బ్లేడు దూరే గాడిలో మైనం కాగితం పెట్టడం మర్చిపోవద్దు, లేదంటే జిగురు అందులో గడ్డకడుతుంది.

సమస్య: నట్టు రంధ్రం నుంచి చీలిక

నట్లు వదులై బ్లేడు అటూ ఇటూ కదిలినా, మరీ బిగించినా ఇలా అవుతుంది. చీలిక అతికించాక, బ్లేడు కదలకుండా నిలిచేంత వరకే బిగించండి.

సమస్య: అతికిస్తే మళ్లీ ఊడింది

చెక్కలోకి ఇంకిన నూనె, చెమట, లేదా ముందు పూసిన జిగురు పొర కారణం. పాత జిగురు గీకేసి, అసిటోన్‌తో (జిడ్డును కరిగించే ద్రవం) తుడిచి, ఆరాక ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే గట్టి జిగురు) వాడండి. అసిటోన్‌కు దగ్గర్లో నిప్పు ఉండకూడదు, కిటికీలు తెరిచి ఉంచండి. స్క్రూ మాత్రం దించకండి. అది సన్నటి చెక్కను ఇంకోచోట చీలుస్తుంది.

చివరగా అవిసె నూనె పలచగా పూసి ఆరనివ్వండి. నూనె గుడ్డను ఉండచుట్టి పడేస్తే దానంతట అదే వేడెక్కి అంటుకోగలదు. ఆరుబయట పరిచి, పూర్తిగా ఆరాకే పారేయండి.